బడికి అలవాటు

ఆ వేళ పొద్దున కోటేశ్వరి అనుకున్నది చిన్న పనే. వచ్చే సోమవారం కూతురు హేమశ్రీని బళ్ళో వెయ్యాలి. మొదటి వారమంతా పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారనీ, ముందే కాసేపు తల్లిని విడిచి ఉండటం అలవాటు చెయ్యమనీ టీచరమ్మ చెప్పింది. అందుకని వీధి చివర ఉండే పున్నమ్మను బతిమాలి ఒక పూటకు ఒప్పించింది. కొత్త సంచీ, నీళ్ళ సీసా, పెరుగన్నం డబ్బా సర్దింది. అమ్మ మళ్ళీ వస్తుంది, ఏడవకూడదు అని దారి పొడుగునా చెప్పింది.

హేమశ్రీ సరేనంది. సరేనని పున్నమ్మ గుమ్మం ఎక్కి కోడిపిల్లల వెంట పడింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఓదార్పు మాటలు చాలానే సిద్ధం చేసుకొచ్చిన కోటేశ్వరి, గేటు దగ్గర కాసేపు నిలబడి, వాటిని అలాగే ఇంటికి మోసుకొచ్చింది.

పొదిలి పక్క పల్లె నుంచి చిలకలూరిపేటకు కాపురం వచ్చాక ఆమె మాటల్లో ముప్పాతిక ఆ పిల్లతోనే. భర్త సురేంద్ర దూది బేళ్ళ లారీ డ్రైవరు, కోయంబత్తూరు వెళ్తే వారం దాకా రాడు. వీధిలో ఆడవాళ్ళు వంటైందా అని అడుగుతారు, జవాబు వినకుండా వెళ్ళిపోతారు. ఇంట్లో ఫ్యాను అంత చప్పుడు చేస్తుందని ఆమెకు ఆ వేళే తెలిసింది.

చేతికి ఏదో పని ఉండాలని వెల్లుల్లి కారానికి ఎండుమిరపకాయలు వేయించింది. గుంటూరు కాయ, గది నిండా ఘాటు. మొదట కన్నీళ్ళు ఘాటుకే వచ్చాయి. కారం కొట్టడం అయిపోయింది, ఘాటు తగ్గింది, కన్నీళ్ళు తగ్గలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఏడుపు ఆగలేదు.

పక్కింటి పిచ్చమ్మ అప్పుడే ఒక కబురు విని ఉంది. బైపాసు మీద దూది లారీ తిరగబడిందట. ఇక్కడ చూస్తే లారీ డ్రైవరు పెళ్ళాం ఏడుస్తోంది. పిచ్చమ్మ పప్పుచారు పొంగుతుండగానే పొయ్యి ఆర్పేసి వచ్చింది. చావు కబురొస్తే శవం లేచేదాకా ఆ వీధిలో పొయ్యి వెలగదు. ఏడుస్తున్న మనిషిని ఏమైందని అడగరు కూడా. పక్కన కూర్చుని ఏడుస్తారు. పిచ్చమ్మ వెనకే ఒకరూ ఇద్దరూ, చివరికి వీధంతా పొయ్యిలార్పి వచ్చి కూర్చుంది.

కోటేశ్వరి ఆశ్చర్యపోయింది. పిల్లని బడికి అలవాటు చేసే రోజున తల్లికి తోడు కూర్చోవడం ఈ ఊరి పద్ధతి కాబోలు అనుకుంది. మనుషులంటే వీళ్ళు, తనే అపార్థం చేసుకుంది.

"ధైర్యం తెచ్చుకోవాలమ్మాయ్," అంది పిచ్చమ్మ ముక్కు చీదుతూ. "ఇంతకీ పిల్లేదీ?"

"పున్నమ్మగారింట్లో వదిలొచ్చాను పిన్నిగారూ."

"మంచి పని చేశావు. పసిది, ఇవన్నీ చూడకూడదు."

ఎవరో సురేంద్రకు ఫోన్ చేశారు. స్విచ్చాఫ్. ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. పక్క వీధిలో షామియానాలు అద్దెకిచ్చే నన్నే సాహెబు వచ్చి షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు దింపాడు. కుర్చీలు చూసి ఇది కాస్త ఎక్కువే అనిపించింది కోటేశ్వరికి. కానీ వద్దంటే అందరూ లేచిపోతారేమోనని ఊరుకుంది.

మధ్యాహ్నానికి సురేంద్ర నడుచుకుంటూ వచ్చాడు. తిరగబడింది ఇంకెవరిదో లారీ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాని వెనక ఇతని లారీ ఇరుక్కుంది, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, దారి తెరిచేలోగా ఇంట్లో అన్నం తిని పోదామనుకున్నాడు. తన ఇంటి ముందు షామియానా చూశాడు. దొరికిన కుర్చీలో కూలబడి భోరుమన్నాడు.

నన్నే సాహెబు అలవాటుగా గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.

"ఎవరు పోయారు సాయిబూ?"

"లారీ డ్రైవరు సురేంద్రంట బాబూ. చిన్న వయసు."

సురేంద్ర ఏడుపాపి ఆలోచించాడు. "సురేంద్రని నేనే."

నన్నే సాహెబు ఎన్నో చావులకు కుర్చీలు వేశాడు గానీ, పోయినవాడు వచ్చి అందులో కూర్చోవడం అదే మొదలు.

సంగతి లోపలికి పాకింది. పిచ్చమ్మ కళ్ళు తుడుచుకుని కోటేశ్వరి వైపు తిరిగింది. "మరి పొద్దుట్నించీ నువ్వెందుకే ఏడ్చావు?"

ఇక వీళ్ళు లేచిపోతారు. మళ్ళీ ఫ్యాను చప్పుడే. కోటేశ్వరి తలొంచుకుంది.

"పాప ఏడవలేదు పిన్నిగారూ."

అంతలో మిల్లు సైరను మోగింది. మగవాళ్ళు అన్నాలకు వచ్చే వేళ, వీధి మొత్తం మీద ఒక్క గిన్నెలోనూ మెతుకు లేదు. పిచ్చమ్మ కొంగు బిగించి లేచింది.

"సరే, పొయ్యి వెలిగించు. బియ్యం మేం తెస్తాం. ఆ కారం వాసన పొద్దుట్నించీ చంపుతోంది."

వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలుపుకుని వీధంతా షామియానా కింద తింటుండగా పున్నమ్మ హేమశ్రీని ఎత్తుకొచ్చింది. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. కోటేశ్వరి ముఖం వెలిగింది, చేతులు చాచింది.

"నీకోసం కాదులేవే," అంది పున్నమ్మ. "ఇంటికి రానని."

సోమవారం హేమశ్రీ బడికి వెళ్ళగానే పిచ్చమ్మ తనంతట తనే వచ్చి కోటేశ్వరి పక్కన కూర్చుంది. పొయ్యి మాత్రం ఆర్పి రాలేదు.