చంద్రి ముఖభావ నిర్ధారణ

బొమ్మలో ఉన్న స్త్రీ ముఖంలో ఏ భావం ఉందో చెప్పే అధికారం ఆ ముఖం గల స్త్రీకి లేదని జిల్లా చిత్రభావ నిర్ధారణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (తీర్మానం జరిగే వేళకు ఆ స్త్రీ వరండాలోనే కూర్చుని ఉంది. పిలిస్తే పలికేంత దూరం.)

ఆమె పేరు చంద్రి. నెల్లికుదురు దిక్కు తండా. బోరు మోటరు కాలిపోయి తండా అంతా నీళ్లకు పొలాల వెంట తిరుగుతుంటే, ఆమె ఖాళీ బిందె చంకనేసుకుని ఫిర్యాదులు తీసుకునే ప్రతి సోమవారం కలెక్టర్ ఆఫీసుకు వచ్చేది. ఆ ఆఫీసు గోడలకు బొమ్మలేస్తున్న చిత్రకారుడు చూసి ముచ్చటపడి, ఆమెను బిందెతో సహా గోడ మీదికి ఎక్కించాడు. ఫిర్యాదు మాత్రం గోడ కిందే ఉండిపోయింది.

సంఘం అధ్యక్షుడు వెంకట్రాం బొమ్మ ముందు కుర్చీ వేయించుకున్నాడు. ముడిపడిన కనుబొమలు లోతైన ఆలోచన అన్నాడు. బిగిసిన పెదవులు ప్రభుత్వం పట్ల మాటల్లో చెప్పలేని కృతజ్ఞత. (మాటల్లో చెప్పనిదంతా నిబంధనల ప్రకారం కృతజ్ఞతే.) ఖాళీ బిందె దగ్గర సభ్యులకు పేచీ వచ్చింది గానీ, చాయ్ తాగాక సర్దుకుంది. అది కోరికలను జయించిన మనసు.

చంద్రికి ఒళ్లు మండి లోపలికి వచ్చేసింది.

"గది మనసు కాదు సారూ, బిందె! నీళ్లు లేక ఖాళీగున్నది. నా మొకంల ఉన్నది కోపం."

"జర ఆగమ్మా," అన్నాడు వెంకట్రాం ఎంతో మర్యాదగా. "నీ మొకం నీకెట్ల కనవడ్తది? ఎదురుంగ ఉండి చూసేది మేం."

"మరి మోటరు ఎప్పుడు బాగు చేయిస్తరు?"

వెంకట్రాం నిజంగానే పరేషాన్ అయ్యాడు.

"గదే కష్టం. నీళ్లొస్తే బిందె నిండుతది. బిందె నిండితే నువ్వు నవ్వుతవ్. గప్పుడు గీ బొమ్మకు అర్థమేముంటది, నువ్వే చెప్పు."

చంద్రికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే దానికీ ఒక సంఘం వేస్తారని మింగేసింది.

చివరికి ఆమె గోడును సంఘం సానుభూతితో పరిశీలించి, అసలు బిందెను బొమ్మ పక్కన ప్రదర్శనకు తీసుకుంది.

"ఇగ నీళ్లు దేంట్ల తెచ్చుకోవాలె సారూ?"

ఆ ప్రశ్న సంఘం పరిధిలోకి రాదు. చంద్రి ఉత్త చేతులతో తండాకు పోయింది.

ఇప్పుడా బిందె ఎత్తుపీట మీద ఉంది. రోజూ పొద్దున్నే అటెండర్ బాలనర్సయ్య దాన్ని ఆఫీసు నల్లా కింద నిండా నింపి, తళతళలాడేలా తోమి, నీళ్లు మోరీలో పారబోసి, ఖాళీగా తెచ్చి పెడతాడు.