పెద్దతిప్పసముద్రం బస్సుకు శాంతి

మదనపల్లె శివార్లలోని ఆ మేనేజిమెంటు కళాశాలలో ఇకపై కలహాలు ఉండవని యాజమాన్యం సంతోషంతో ప్రకటించింది. కాబోయే మేనేజర్లకు శాంతి స్థాపననూ మృదుభాషణనూ నేర్పడానికి బెంగళూరు నుంచి భరత్ గారనే నిపుణుణ్ణి రప్పించారు. ఆయన సోమవారం కుప్పంలోనూ, మంగళవారం భోజనాల వేళకల్లా పుంగనూరులోనూ శాంతిని స్థాపించి, బుధవారం మదనపల్లెకు విచ్చేశారు.

ఆయన రాకకు కళాశాల నెల ముందు నుంచే సిద్ధమైంది. పెద్దతిప్పసముద్రం నుంచి పిల్లల్ని తెచ్చే బస్సును ఆపి, తెల్లరంగు వేయించి, రెండు వైపులా పావురాలు గీయించి, 'శాంతి రథం' అని పేరు పెట్టి గేటు పక్కన నిలబెట్టారు. దాని ముందు ఫొటో దిగని అధ్యాపకుడు లేడు.

ఆ బస్సులో రావలసిన వసుధ టమోటా ఆటోలో వచ్చింది. క్రేట్ల మధ్య కూర్చున్నందువల్ల చున్నీ మీద ఎర్రటి మరక పడింది. శిక్షణలో వేషధారణకు కేటాయించిన మార్కులు గుమ్మం దగ్గరే పోయాయి. ఆమె దిగులు మార్కులది కాదు. పొద్దున బయలుదేరేటప్పుడే తండ్రి గంగులప్ప తేల్చి చెప్పాడు.

"ఇట్ల ఆటోల్లో పడి పోయే సదువు మనకొద్దమ్మా. ఈ వారంలో బస్సొస్తే సరి. లేకుంటే ఇంటికాడే ఉండు."

ఆమె ఎంబీఏకి ఇంకొక్క సెమిస్టరే మిగిలి ఉంది.

శిక్షణ మొదలైంది. ఎదుటివారి మాట వినడం ఎలాగో భరత్ గారు గంటసేపు ఆపకుండా చెప్పారు. మధ్యలో చెయ్యెత్తినవారిని, వినడం ఇంకా రాలేదని మృదువుగా కూర్చోబెట్టారు. "కోపంగా వచ్చినవాడి సమస్య తీర్చాలని తొందరపడకండి. అతని కోపాన్ని గౌరవించండి. గౌరవం పొందినవాడు ఇంటికి వెళ్ళిపోతాడు," అని సెలవిచ్చారు. ప్రిన్సిపాల్ వాణి గారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చెప్పించుకున్నారు.

తర్వాత ఎవరైనా తమ జీవితంలోని కలహమొకటి చెప్పాలన్నారు. వసుధ లేచింది.

"మా బస్సు ఆపేసినారు సార్. మళ్ళీ ఎప్పుడేస్తారు?"

భరత్ గారి ముఖం వెలిగిపోయింది. ఇంత చక్కటి ఉదాహరణ కుప్పంలో కూడా దొరకలేదన్నారు. అక్కడికక్కడే నాటకం కట్టారు. బస్సు అడిగే విద్యార్థినిగా పుంగనూరు నుంచి వచ్చే మెహ్‌నాజ్. అవతలి పక్షం బాధ తెలిసిరావడానికి యాజమాన్యంగా వసుధ.

మెహ్‌నాజ్ స్నేహితురాలి కోసం నిజంగానే అరిచింది. "బస్సు గేటుకాడే ఉండాది కదా మేడమ్! పావురాలు గీసి ఎవురికి సూపిస్తాండారు?"

బస్సు కోసం కళాశాల ఆఫీసుకు వెళ్ళినప్పుడల్లా నెలరోజులుగా తాను వింటున్న మాటలే వసుధకు నోటికొచ్చాయి. "మీ ఆవేదన నాకు పూర్తిగా అర్థమైంది. ఇంత ధైర్యంగా చెప్పినందుకు గర్వపడుతున్నాం. మంచినీళ్ళు తాగుతారా?"

మెహ్‌నాజ్ నవ్వాపుకోలేక కూర్చుండిపోయింది. కలహం సమసిపోయిందని భరత్ గారు ప్రకటించారు.

ముగింపు సభలో వాణి గారు గద్గదస్వరంతో ప్రసంగించారు. "ఈ అమ్మాయి బస్సును అంగుళం కదపలేదు. అయినా అడిగిన మనిషి నవ్వుతూ కూర్చుంది. నాయకత్వమంటే ఇదే!"

వసుధకు మొదటి బహుమతితో పాటు, చదువుకుంటూనే చేసే విద్యార్థి సంబంధాల అధికారి కొలువూ, హాస్టల్లో గదీ ఇచ్చారు. "మా పాప ఆఫీసరమ్మ అయిపోయిండాది," అని గంగులప్ప ఊరంతా చెప్పుకున్నాడు. అలా ఆమెకు బస్సు అవసరం తీరిపోయింది. ఆ ఊరి తక్కిన పిల్లలు టమోటాలతోనే వస్తున్నారు.

పై నెలలో కళాశాలకు రెండో రథం అవసరమైంది. ఈసారి పుంగనూరు బస్సు ఆగింది. మెహ్‌నాజ్ నేరుగా ఆఫీసులో వసుధ గదికి వచ్చింది.

"ఇది నాటకం కాదే వసుధా. మా అబ్బాజాన్ సదువు మానుకోమంటాండాడు. ఆ మేడమ్‌కి నువ్వన్నా సెప్పు."

వసుధ ఆమె కళ్ళలోకి సూటిగా చూసింది. అలా చూడాలని శిక్షణలో చెప్పారు. "మీ ఆవేదన నాకు పూర్తిగా అర్థమైంది."

"మీరా? నేనెప్పుడే నీకు 'మీరు' అయినాను?"

వసుధ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. మెహ్‌నాజ్ దాన్ని ముట్టుకోకుండా లేచింది. తలుపు మాత్రం నెమ్మదిగానే వేసి వెళ్ళింది. మర్నాటి నుంచి తరగతిలో ఆమె కుర్చీ ఖాళీ.

ఆ ఏడు ఒక్క కలహమూ నమోదు కాలేదని కళాశాల ఊరూరా ఫ్లెక్సీలు కట్టించింది. అవి చూసి ముచ్చటపడి మనమందరం మన పిల్లల్ని అక్కడే చేర్పించాం. చేర్పించేటప్పుడు, ఊరి నుంచి బస్సు ఉందా అని మనలో ఎవరమూ అడగలేదు. మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి అంత మృదువుగా మాట్లాడుతున్న అమ్మాయిని పట్టుకుని అడిగితే ఏం మర్యాదగా ఉంటుంది?