లీటరుకు ఎంత పరువు

"వాహనాలలో పరువు తగ్గించుట గురించి" అనే శీర్షికతో పై కార్యాలయం నుంచి మా ఆఫీసుకి ఉత్తర్వు వచ్చింది. వచ్చిన కాగితాలు అందుకునే గుమాస్తాని నేనే కాబట్టి ముద్ర కొట్టి నంబరు వేశాను. అక్కడి టైపిస్టు "బ" కొట్టబోయి "ప" కొట్టిందని చదవగానే తెలిసింది. తెలిసి ఏం లాభం? ఉత్తర్వులో తప్పుంటే, అది తప్పని చెప్పడానికి మరో ఉత్తర్వు రావాలి. అది వచ్చేదాకా తప్పే ఒప్పు. ఇది మీకు కొత్త కాదు.

మిగతా సంగతులు స్పష్టంగానే ఉన్నాయి. పెట్రోలు వాడకం పెరిగిపోతోంది గనక ప్రతి ఆఫీసు కారూ పరువు తగ్గించుకోవాలి, ఎదురుగాలికి అడ్డు తగ్గించుకోవాలి, నెలాఖరుకి లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇవ్వాలి. ఇవ్వని కారుని షెడ్డుకి, దాని డ్రైవరుని ఇంటికి పంపిస్తారు.

మా కారు తొమ్మిది ఇస్తోంది. డ్రైవరు బాగా సన్నం, అందరం పుల్ల అంటాం. "మా ఇంట్లో నలుగురం ఈ బండి మీదే నడుస్తున్నామండీ," అన్నాడు కాగితం నా చేతిలో చూసి. నాకు జాలేసింది. జాలిపడి, ఫైలు సారుకి పంపించాను.

కారు గురించి రెండు ముక్కలు చెప్పాలి. ముందువైపు ఇనప కమ్మీల చట్రం ఉంది, దున్నపోతులు ఎదురొస్తాయేమోనని. మా ఊళ్ళో దున్నపోతులు లేవు. పైన సామాన్ల క్యారియరు ఉంది. పదేళ్ళలో దాని మీదకెక్కిన సామాను సారు అత్తగారి మంచం ఒక్కటే. నంబరు ప్లేటు చుట్టూ మూడు బోర్డులు: ఒకదాని మీద సారు పేరు, ఒకదాని మీద చదువులు, ఒకదాని మీద హోదా. ఇవి కాక జెండా కర్ర, రెండు హారన్లు. డిక్కీ నిండా సారుకి సభల్లో ఇచ్చిన ఇత్తడి జ్ఞాపికలు, ఎవరైనా అడిగితే చూపించడానికి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు గానీ సారు ఆశ వదులుకోలేదు.

పుల్ల ఒక పూటంతా కారు చుట్టూ తిరిగి, "ఇందులో బరువంతా పరువేనండీ," అన్నాడు. ఆ టైపిస్టు ఎంత జ్ఞానవంతురాలో నాకు అప్పుడు అర్థమైంది. చట్రం, క్యారియరు, బోర్డులు, కర్ర తీసేస్తే గాలి తగులుకునే చోటు తగ్గుతుందని, డిక్కీ ఖాళీ చేసి, టైర్లలో సరిగ్గా గాలి పెట్టి, పెద్ద రోడ్డెక్కాక అద్దాలు మూస్తే పద్నాలుగు దాటుతుందని అతను సారుకి విన్నవించాడు.

సారు లేచి కిటికీలోంచి కారుని చూసుకున్నారు. "అవన్నీ తీసేస్తే లోపల ఉన్నది నేనని ఎలా తెలుస్తుందయ్యా?"

"మీకు తెలుస్తుంది కదండీ," అన్నాడు పుల్ల.

ఈ జవాబు సారుకి చాలినట్టు లేదు. కమిటీ వేశారు.

కమిటీలో నేనూ, పాత కాగితాలు తూచే కాటా చేతిలో ఉన్న స్టోర్సు మేడమూ, వాయు నిపుణుడి హోదాలో సారు బావమరిదీ ఉన్నాం. ఆయనకి ఫ్యాన్ల దుకాణం ఉంది. అన్నిటికన్నా తక్కువ పరువు గలవాటిని ముందు తీసెయ్యాలని తీర్మానించి, స్పేర్ టైరు, జాకీ, పుల్ల నీళ్ళ సీసా, అన్నం క్యారేజీ, అతని నడుము కింది దిండు తీయించాం. వాటికి ఎవరూ సెల్యూట్ కొట్టరు. గాలి విషయంలో నిపుణుడు మరీ సూక్ష్మంగా ఆలోచించాడు. గాలికి ఎదురెళ్తేనే కదా పెట్రోలు ఖర్చు, కాబట్టి సారు ఇకమీదట గాలి ఎటు వీస్తే అటే వెళ్ళాలన్నాడు. సారుకి ఇది కష్టమనిపించలేదు. ఆయన ఉద్యోగంలో పైకొచ్చింది ఆ పద్ధతిలోనే. వారం రోజులు గాలివాటాన తిరిగితే తొమ్మిదింపావు వచ్చింది.

నెల సగమైపోయింది. పుల్లకి అన్నం సహించడం లేదని వాళ్ళావిడ వచ్చి నాతో చెప్పింది. అసలు కారే లేకుండా పోతుందన్న భయం పట్టుకుని, "సరే, ఒక్కరోజు తీసి చూడు," అన్నారు సారు. పుల్ల మెకానిక్ షెడ్డులో అన్నీ ఊడదీయించాడు. కారు చిన్నపిల్లలా తయారైంది. కొలిచి పోసిన లీటరుకి పదిహేడు కిలోమీటర్లు ఇచ్చింది. పుల్ల కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ సంతోషమేసింది, ఆ మాట దాచుకోను.

ఆ పదిహేడుని చూపించడానికి సారు అదే కారులో పై కార్యాలయానికి వెళ్ళారు. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టి, "పక్కన పెట్టుకో," అన్నాడు. వెనకనుంచి ఫినాయిలు డబ్బాల వ్యాను వచ్చింది. దాని నుదుటి మీద పెద్ద బోర్డు ఉంది గనక లేచి, సెల్యూట్ కొట్టి, గేటు బార్లా తెరిచాడు. సారు అద్దం దించి, "నేనెవరో తెలుసా?" అని అడిగారు.

"తెలిస్తే ఆపుతానా అండీ," అన్నాడు వాచ్‌మన్, ఎంతో వినయంగా.

నలభై నిమిషాలు ఎండలో నిలబడి, సారు వెనక్కి వచ్చేశారు. మర్నాడు మమ్మల్నందర్నీ పిలిచి ప్రసంగించారు. "పెట్రోలు బంకులో దొరుకుతుంది. పరువు ఏ బంకులో దొరుకుతుంది? కారు నాది కాదు, హోదా నాది కాదు, ఇదంతా ప్రజల సౌకర్యం కోసం. ఎవరికి దండం పెట్టాలో తెలియక ప్రజలు ఎంత ఇబ్బంది పడతారో ఆలోచించండి." మేము చప్పట్లు కొట్టాం. చట్రం, క్యారియరు, బోర్డులు మళ్ళీ ఎక్కాయి. మూడు బోర్డులకి తోడు నాలుగోది కూడా వేయించారు. మైలేజీ ఎనిమిదిన్నరకి దిగింది.

నెలాఖరుకి ఇంకా అయిదు రోజులున్నాయనగా సవరణ ఉత్తర్వు వచ్చింది: "పరువు అన్నచోట బరువు అని చదువుకొనవలెను." సారు ఊపిరి పీల్చుకున్నారు. పరువు గండం గట్టెక్కింది, ఇక తగ్గించాల్సింది బరువే. కమిటీ కాటా తెప్పించింది. కారులో అన్నిటికన్నా బరువైనది ఏదో మా ముగ్గురికీ తెలుసు. కానీ కుర్చీలో ఉన్న మనిషిని కాటా ఎక్కించడం మర్యాద కాదని తీర్మానం రాశాం. మిగిలింది పుల్ల. నలభై ఏడు కిలోలు తూగాడు. కాటా దిగి, నా వంక చూశాడు. నేను ఫైలు వంక చూశాను.

కాపాడింది బావమరిదే. "డ్రైవరు లోపల కూర్చుంటే బరువు బావగారూ. బయట నిలబడితే పరువు. బయటే నిలబెడదాం," అన్నాడు.

అలాగే చేశాం. పుల్ల ఉద్యోగం పోలేదు. ఇస్త్రీ బట్టలు వేసుకుని, వరండా ముందు ఆగిన కారు పక్కన పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడతాడు. అన్నం బాగానే తింటున్నాడట. అప్పుడప్పుడు అతని ఎడమచెయ్యి గేరు మారుస్తున్నట్టు కదులుతుంది, అంతే. సారు బస్సులో వచ్చి, వెనక గేటునుంచి నడిచి, కారులోకి ఒక పక్కన ఎక్కి రెండో పక్కన దిగుతారు. పుల్ల తలుపు తీస్తాడు, మేము లేచి నిలబడతాం. నడకవల్ల సారు ఇప్పటికి ఆరు కిలోలు తగ్గారు. నెలాఖరు ఫారంలో, ఆఖరి అయిదు రోజుల లెక్కగా, కిలోమీటర్లు నిల్, పెట్రోలు వాడకం నిల్ అని రాసి పంపితే, దేన్ని దేనితో భాగించాలో తెలియక పై కార్యాలయం మాకు ప్రథమ బహుమతి ప్రకటించింది.

మొన్న సారు సెలవులో ఉన్నారు. ఒక పెద్దమనిషి అర్జీ పట్టుకొచ్చాడు. కారుని చూడగానే చెప్పులు విడిచి, మూసిన అద్దం ముందు చేతులు కట్టుకుని, తన కష్టమంతా మొదటినుంచీ చెప్పుకున్నాడు. పుల్ల మర్యాదస్తుడు, మధ్యలో అడ్డు రాలేదు. ఆ పెద్దమనిషి అర్జీని వైపరు కింద జాగ్రత్తగా పెట్టి, "సారు చాలా ఓపిగ్గా విన్నారండీ," అని నాతో చెప్పి, గుండె తేలికపడి వెళ్ళిపోయాడు.

నవ్వకండి. మిమ్మల్ని ఎక్కడ చూశానా అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఆ వచ్చింది మీరే కదూ?