తాళాల సైటుకి మధ్యాహ్నం వచ్చే మనిషి

మొదట్లో తాళాలయ్య చేతిలో ఉన్నవి ఇవి: నాలుగు రోడ్ల మూల మీద ఒక తాళాల దుకాణం, దానికి కొత్తగా పెట్టించిన ఒక వెబ్‌సైటు, ఆ సైటు కోసం తెప్పించి ఇంట్లో నడిమి గదినిండా పేర్చిన సరుకు, ఇవి కాక అనుమానం. మిగతా సరుకుల మాటెలా ఉన్నా, అనుమానానికి మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ కొరత లేదు. జనం ఒకరినొకరు నమ్మడం మొదలుపెడితే దుకాణం మూసుకోవాల్సిందే కాబట్టి, తన వంతుగా ఆయన ఎవరినీ నమ్మేవాడు కాదు.

నడిమి గది అంతకుముందు భార్యది. ఆవిడ బట్టలు కుడుతుంది. పెట్టెలు వచ్చిన రోజున ఆవిడ మిషను వంటింట్లోకి వెళ్ళింది.

“కూరలో దారం వచ్చింది,” అన్నాడాయన ఒకరోజు.

“నేను కుట్టిన గౌనుకి వేపుడు వాసనొస్తోందని వెనక్కి పంపించారు. మీకు దారమేగా వచ్చింది, పక్కన పెట్టి తినండి.”

“కొన్నాళ్ళు ఓర్చుకోవే. వానలు మొదలయ్యేలోపు ఈ పెట్టెలు అమ్ముడవకపోతే దుకాణానికి మోయించేస్తాను. గది నీకిచ్చేస్తాను.”

“అమ్ముడైతే?”

“మళ్ళీ తెప్పిస్తాను.”

“అంటే ఎటైనా గది మీదేనన్నమాట. పోనీ, స్నానాల గది గడియ సంగతేం చేశారు?”

“చూద్దాం.”

ఊళ్ళో సగం తలుపులకి తాళాలమ్మిన మనిషి ఇంట్లో స్నానాల గది గడియ విరిగి ఏడాదైంది. లోపల మనిషున్నారని తెలియడానికి గట్టిగా పాడుతూ స్నానం చెయ్యాలి. ఆవిడకొచ్చిన పాటలన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఈమధ్య ఎక్కాలు చదువుతోంది.

జవాబు విని ఆవిడ మిషను ముందు కూర్చుంది. మసక వెలుతురులో, కళ్ళజోడు లేకుండా, ఒక్క ప్రయత్నంలో సూదిలోకి దారం ఎక్కించింది. ఆ కంటిచూపుని తాళాలయ్య అప్పుడే లెక్కలో వేసుకుని ఉంటే చాలా నష్టం తప్పేది.

సైటు వ్యవహారం చూసేది తోడల్లుడు. అతనికి కుటుంబంలో ‘లోడింగ్’ అని పేరు. ఏదడిగినా కళ్ళు గుండ్రంగా తిప్పుతూ కాసేపు ఉండి, ఆ తర్వాత మాట్లాడతాడు. మాట్లాడితే మాత్రం పనికొచ్చేదే మాట్లాడతాడు.

“జనం వస్తున్నారు. తాళం బుట్టలో వేస్తున్నారు. గుమ్మం దాకా వచ్చి బుట్ట వదిలేసి పోతున్నారు. ఇది కచ్చితంగా ఆ గొళ్ళాల వ్యాపారి పనే,” అన్నాడు తాళాలయ్య. ఎదురు వీధిలో గొళ్ళాలమ్మే అతని మీద ఆయనకి పాత అనుమానం.

లోడింగ్ కళ్ళు తిరిగాయి. “అన్నయ్యా, ఊహించడం మానేద్దాం. వచ్చినవాళ్ళు ఎక్కడ నొక్కుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, వెతికే పెట్టెలో ఏం రాస్తున్నారు, అవన్నీ కనిపించే ఏర్పాటొకటి పెడతాను. పేర్లు కనిపించవు, పనులు కనిపిస్తాయి. వాటిని బట్టి సైటు బాగుచేద్దాం.”

“చాటుగా చూడటమేగా. అది నాకు చేతకానిదేం కాదు.”

“చాటుగా కాదు. ‘మీరిక్కడ చేసేవి మేం గమనిస్తున్నాం’ అని ముందే రాయాలి. అది పద్ధతి.”

“చెప్పి చూస్తే ఇంకేం చూస్తాం?” అని తాళాలయ్య గింజుకున్నాడు. చివరికి రాయడానికి ఒప్పుకున్నాడు గానీ, పేజీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో రాయించాడు. లోడింగే తను రాసింది తను చదవలేకపోయాడు.

ఆ రోజు నుంచి తాళాలయ్యకి వేరే లోకం లేదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, తెర మీద ఎవరెక్కడ నొక్కుతున్నారో చూపించే బాణాలు పాకుతుంటే దొంగని కనిపెట్టినవాడిలా చూసేవాడు. వాటిలో ఒకటి ఆయన్ని పట్టి పీడించింది. అది రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వచ్చేది. నేరుగా ఏనుగు తాళం దగ్గరికి వెళ్ళేది.

ఏనుగు తాళం ఆయన దగ్గరున్న సరుకులో అన్నిటికన్నా గట్టిది. దాని కింద ఆయనే స్వయంగా రాసుకున్నాడు: ‘దీన్ని కొన్నవారు తప్ప మరెవరూ తెరవలేరు, అమ్మినవాడితో సహా.’

“తాళం బొమ్మని పొడిచి పొడిచి చూస్తున్నాడయ్యా. తెరిచే మార్గం వెతుకుతున్నాడు. దొంగే,” అన్నాడు తాళాలయ్య.

“బొమ్మ పెద్దదవుతుందేమోనని నొక్కుతున్నారన్నయ్యా. మన బొమ్మ పెద్దదవదు.”

బొమ్మ పెద్దదయ్యేలా చేశారు. మర్నాడు ఆ మనిషి తాళాన్ని బుట్టలో వేసి, వివరాల పేజీ దగ్గర ఆగిపోయాడు. వెనక్కొచ్చి వెతికే పెట్టెలో ఇలా రాశాడు: ‘నేను తాళం కొనడానికొచ్చాను. నేరం ఒప్పుకోవడానికి కాదు.’

లోడింగ్ ఆ పేజీ తెరిచి చూశాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంతకుముందున్న ఇల్లు, అది ఎందుకు ఖాళీ చేశారు, తాళం ఎందుకు కొంటున్నారు, ఎవరి మీదైనా అనుమానం ఉందా. కళ్ళు చాలాసేపు తిరిగాయి.

“ఇవన్నీ ఎవరు పెట్టించారు?”

“వచ్చేవాడెవడో తెలియొద్దూ?”

“ఊళ్ళోవాళ్ళందరూ పారిపోతోంది ఇక్కడి నుంచే అన్నయ్యా.”

ప్రశ్నలన్నీ తీసేసి చిరునామా ఒక్కటే ఉంచారు. తాళాలయ్యకి ఒంటి మీది చొక్కా తీసేసినట్టనిపించింది. కానీ ఆ వారం నుంచే ఆర్డర్లు వరస కట్టాయి. నడిమి గదిలో పెట్టెల గోడ మెల్లగా కరిగి, అవతలి కిటికీ బయటపడింది.

ఇంత మేలు జరిగినా ఆయన అనుమానం తగ్గలేదు, ఒక మెట్టు ఎక్కింది. ఊరికే ఇంత సలహా ఎవరిస్తారు? ఇందులో ఆ గొళ్ళాలవాడికి ఏదో లాభముంది.

ఇంతలో ఆ మనిషి వెతికే పెట్టెలో మళ్ళీ రాశాడు: ‘స్నానాల గదికి గడియ. తొందరగా కావాలి. పాడలేక చస్తున్నాం.’

ఆ సాయంత్రం భోజనం దగ్గర తాళాలయ్య మనసు కరిగిపోయింది.

“ఎవరో పాపం, స్నానాల గదికి గడియ కూడా లేదట. ఆ ఇంట్లో మగాడనేవాడు ఏం చేస్తున్నాడో.”

“నేనూ అదే ఆలోచిస్తున్నాను,” అంది భార్య కూర వడ్డిస్తూ.

“ఒట్టి బద్ధకస్తుడై ఉంటాడు.”

“పైగా చెవుడేమో. ఇంకొంచెం వేసుకోండి.”

మర్నాడు ఆయన వల పన్నాడు. ఏనుగు తాళం కొన్నవారికి స్నానాల గది గడియ ఉచితం, తామే వచ్చి బిగిస్తామని సైటులో పెద్ద అక్షరాలతో రాయించాడు. చిరునామా ఇవ్వక తప్పదు, ఇస్తే పట్టుబడక తప్పదు. గొళ్ళాలవాడి గుమ్మంలో నిలబడి గడియ చేతిలో పెట్టి నవ్వాలని ఆయన ఆశ.

మొదటి వాన పడిన రోజు మధ్యాహ్నం ఆర్డరొచ్చింది. లోడింగ్ చిరునామా చదవబోయి ఆగిపోయాడు. కళ్ళు తిరుగుతూనే ఉన్నాయి.

“ఇది మీ ఇల్లే అన్నయ్యా.”

“చూశావా వాడి పొగరు. నా ఇంటి చిరునామా ఇచ్చి నన్నే వెక్కిరిస్తున్నాడు. ఇంటి దగ్గరే కాపుకాసి ఉంటాడు, పద.”

తాళం ఒక చేత్తో, గడియ ఒక చేత్తో, స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పట్టుకుని వానలో ఇంటికి పరిగెత్తాడు, వెనకాలే లోడింగ్. భార్య తలుపు తీసింది.

“తెచ్చారా? బిగించడం కూడా ఉచితమేగా,” అంది.

తాళాలయ్య స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి, ఆవిడ భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు. “ఎవడున్నాడు ఇంట్లో?”

“ఎవరూ లేరు. మధ్యాహ్నాలు మిషను ఆపి కాసేపు తాళాలు చూసుకునేదాన్ని నేనే. లోపలికి రా మరిదీ, తడిసిపోయావు.”

“నువ్వా? గడియ కావాలంటే నన్నడగొచ్చుగా.”

“అడిగాను. ఏడాదిగా ‘చూద్దాం’ అన్నారు. సైటులో అడిగితే మనిషే వానలో పరిగెత్తుకొచ్చాడు.”

“నేను చూస్తున్నానని నీకెవరు చెప్పారు?” అంటూ ఆయన లోడింగ్ వైపు కొరకొరా చూశాడు.

“అతన్నేం అనకండి. మీరే రాయించారుగా అట్టడుగున.”

“అది ఎవరికీ కనపడదే.”

“సూది బెజ్జం కన్నా పెద్దగానే ఉంది.” ఆవిడ తాళం అందుకుని బరువు చూసుకుంది. “నేను చెప్పేది ఒక్కటీ చెవికెక్కని మనిషి, ఊరూ పేరూ లేనివాళ్ళెవరో ఎక్కడ వేలు పెట్టారా అని అన్నం మానేసి ఆలోచిస్తున్నాడు. సరే, నేనూ ఊరూ పేరూ లేకుండానే వద్దామనుకున్నాను.”

తాళాలయ్య లోపలికి నడిచాడు. తలొంచుకుని గడియ బిగించాడు. లేచి వచ్చేసరికి నడిమి గది తలుపు మూసి ఉంది. పొద్దున ఆఖరి పెట్టెలు కొరియరుకిచ్చాక ఖాళీ అయిన గదిలోకి కుట్టు మిషను ఎప్పుడో చేరింది. తలుపుకి ఏనుగు తాళం వేలాడుతోంది.

“రేపు కొత్త సరుకు వస్తుందే. ఎక్కడ పెట్టను?”

“దుకాణంలో. తాళం మీదేగా, వీలైతే తెరుచుకోండి,” అని ఆవిడ స్నానానికి వెళ్ళింది. గడియ ఠక్కున పడింది. లోపల్నుంచి పాట లేదు, ఎక్కాలు లేవు.

తాళాలయ్య చుట్టూ చూసి, ఫోను తీసి, తన సైటులోనే వెతికే పెట్టెలో చిన్నగా రాశాడు: ‘ఏనుగు తాళానికి మారు తాళంచెవి.’

“అన్నయ్యా,” అన్నాడు లోడింగ్, ఈసారి కళ్ళు తిప్పకుండానే. “ఆ పెట్టెలో రాసేవి ఇవాళ్టి నుంచి వదినక్కూడా కనిపిస్తాయి. వచ్చేవాళ్ళ కష్టం తెలిసిన మనిషి ఒకరు చూస్తే మంచిదని నేనే ఏర్పాటు చేశాను.”

స్నానాల గదిలో ఫోను టింగుమంది, నీళ్ళ చప్పుడు ఆగింది. “మారు తాళంచెవి మన దగ్గర దొరకదని సైటులో రాయించు మరిదీ,” అని వినిపించింది. “పెద్ద అక్షరాలతో.”

అన్నీ కూడి తీసివేస్తే, దుకాణానికి కొనేవాళ్ళు మిగిలారు, భార్యకి గది మిగిలింది, స్నానాల గదికి గడియ మిగిలింది. తాళాలయ్య చేతిలో స్క్రూడ్రైవరు మిగిలింది.