ఒకే ఒళ్ళు, రెండు తలలు

ఆ రోజు పొద్దున రూల్సు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. త్వరగా బస్సెక్కి, అందరికంటే ముందు ఎన్నికల ఆఫీసుకి చేరుకుని, ఫ్యాను కింద కుర్చీ పట్టుకోవడం. ఎన్నికల రోజుల్లో ఆ కుర్చీకి ఉన్నంత పోటీ శాసనసభలో కుర్చీకి కూడా ఉండదు.

ఆయన ఆ ఆఫీసులో గుమాస్తా. ఎవరేం అడిగినా “రూల్సు ఒప్పుకోవు” అనే మొదలుపెడతారు కాబట్టి తోటివాళ్ళు పెట్టిన పేరు అసలు పేరుని మింగేసింది. ఎన్నికల ప్రకటన వెలువడిన మర్నాడే ఆయన ఇంట్లో ముందుగది కర్టెన్లు పీకించేశారు. వాటి రంగు ఒక పార్టీ జెండాకి దగ్గరగా ఉందట. “ఎంత దగ్గరగా?” అని భార్య అడిగితే, “అనుమానం వచ్చేంత దగ్గరగా” అన్నారు. అప్పటినుంచి వాళ్ళు ఏం తింటున్నారో ఎదురింటివాళ్ళకి రోజూ తెలిసిపోతోంది. ప్రభుత్వోద్యోగి ఏ పక్షానా కనపడకూడదు, కనపడితే ఉద్యోగం ఊడుతుంది అన్నది ఆయన నమ్మకం మాత్రమే కాదు, నిజం కూడా.

బస్టాపులో నిలబడి యథాలాపంగా తలెత్తారు. మేడంత ఎత్తు బ్యానరు మీద, ఇప్పటి ఎమ్మెల్యే మీద పోటీకి దిగిన అభ్యర్థి జనానికి చేయి ఊపుతున్నాడు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, మొహం నిండా నవ్వు. రూల్సు గారి చూపు ఆ చేతి చిటికెన వేలి దగ్గర ఆగిపోయింది. అది మిగతా వేళ్ళతో పొత్తు కుదరనట్టు పక్కకి వంగి, కొక్కెంలా తిరిగి ఉంది. ఆయన మెల్లగా తన కుడిచేయి ఎత్తి చూసుకున్నారు. చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన తన వేలు అచ్చం అలాగే ఉంది.

“మనిషిని పోలిన మనిషి ఉన్నప్పుడు వేలిని పోలిన వేలు ఉండదా” అని గుండె చిక్కబట్టుకుని బస్సెక్కారు. తరవాతి మలుపులో సీటాయన బ్యానరు ఎదురైంది. ఇప్పుడు సీట్లో ఉన్న శాసనసభ్యుడిని ఊళ్ళో అందరూ సీటాయన అనే అంటారు. ఆయనా చేయి ఊపుతున్నాడు. అదే చొక్కా, అదే పెన్ను, అదే వేలు. రూల్సు గారు దిగాల్సిన స్టాపు రాకుండానే దిగిపోయి, బామ్మర్ది బ్యానర్ల షాపుకి పరుగెత్తారు.

బామ్మర్ది కంప్యూటరు ముందు కూర్చుని ఎవరి తలో కత్తిరిస్తున్నాడు.

“ఒరేయ్, ఆ బ్యానర్ల మీద ఉన్నది ఎవరి ఒళ్ళురా?”

“నీదే బావా! గుర్తుపట్టేశావా?” అన్నాడు బామ్మర్ది మురిసిపోతూ. “ఆమధ్య కొత్త కెమెరా కొన్నప్పుడు, లైటింగు చూడాలి, ఒకసారి చెయ్యి ఊపమన్నాను కదా. బ్రహ్మాండంగా వచ్చావు. మాకు ఎప్పుడూ ఇదే పద్ధతి బావా. నాయకులకి నిలబడి ఫొటో దిగే తీరికెక్కడిది? తల ఒక్కటి పంపిస్తారు, మంచి ఒళ్ళు చూసి మేం అతికిస్తాం. సీటాయనకి పొట్ట ఎక్కువ, పోటీ ఆయనకి భుజాలు లేవు. నీది మధ్యరకం. ఇద్దరికీ సరిపోయింది.”

“ఇద్దరికీ ఒకటే ఒళ్ళు ఎలా పెట్టావురా?”

“తలలు వేరే కదా బావా.”

“నేను గవర్నమెంటు ఉద్యోగిని! ప్రచారంలో ఉన్నానని తెలిస్తే ఇంటికి పంపేస్తారు. వెంటనే అవన్నీ పీకించెయ్.”

బామ్మర్ది ఆయన్ని జాలిగా చూశాడు. “అభ్యర్థి బ్యానరు పీకితే కేసు పెడతారని మొన్న నువ్వే చెప్పావు కదా. రూల్సు ఒప్పుకోవు.”

తన మాట తనకే అడ్డం తిరగడం రూల్సు గారి జీవితంలో అదే మొదటిసారి.

ఆఫీసుకి చేరేసరికి ఫ్యాను కింద కుర్చీలో ఎవరో కూర్చునే ఉన్నారు. దాని గురించి బాధపడే తీరిక కూడా దొరకలేదు, మేడమ్ పిలిచారు. ఎన్నికల కోసం వేరే చోటినుంచి వచ్చిన అధికారిణి ఆవిడ. మాట తక్కువ, సంతకం ఎక్కువ.

“విచిత్రమైన ఫిర్యాదు వచ్చిందండీ. ప్రజలకి ఊపే తన వేలిని పోటీ అభ్యర్థి కాజేసి బ్యానరు మీద పెట్టుకున్నాడని సీటాయన అంటున్నాడు.”

“పోటీ ఆయన ఏమన్నాడు మేడమ్?”

“ఆ వేలు తనదే, సీటాయనే దొంగ అని ఆయనా ఫిర్యాదు పెట్టాడు. ఇది తేలకపోతే గొడవలవుతాయి. ఏ పక్షానికీ వంగని మనిషెవరని అడిగితే ఆఫీసంతా మీ పేరే చెప్పింది. విచారణ మీరే చెయ్యండి. ఆ వేలు ఎవరిదో నాకు తేల్చి చెప్పాలి.”

ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని “అలాగే మేడమ్” అన్నారు. మరేమనగలరు? బయటికి వచ్చీ రాగానే మందుల షాపుకి వెళ్ళి, చిటికెన వేలికి కట్టు కట్టించుకున్నారు. ఏమైందని షాపువాడు అడిగితే “ఇంకా ఏం కాలేదు” అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది.

“బజారులో చూశానండీ మిమ్మల్ని. కాపురం మొదలైన దగ్గర్నుంచీ చూస్తున్న వేలు, గుర్తుపట్టనా? పెద్ద సైజులో బాగానే ఉన్నారు.”

“నెమ్మదిగా మాట్లాడవే, కర్టెన్లు కూడా లేవు! నా ఉద్యోగం పోయేలా ఉంది. ప్రచారంలో పాల్గొన్నానంటారు.”

“పాల్గొన్నది మీరు కాదు కదా, మీ ఒళ్ళు.”

“జీతం ఒంటికే ఇస్తున్నారే!”

ఆవిడ నవ్వు ఆగిపోయింది. మొగుడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మాట పడని మనిషి, ఉద్యోగం పోగొట్టుకుని అవమానంతో ఇంటికి తిరిగొచ్చే రోజు వస్తుందేమోనని వణికిపోతున్నాడు. “జరిగింది జరిగినట్టు మీ మేడమ్‌తో చెప్పెయ్యండి” అని మంచినీళ్ళు చేతికిచ్చింది. రేపు చెబుతానన్నారు ఆయన. ఆ రేపు ఎంతకీ రాలేదు.

ఈలోగా వేలికి ఆయన కంటే మంచిరోజులు వచ్చాయి. దొంగతనం సంగతి బయటికి పొక్కడంతో ఊరందరి కళ్ళూ దానిమీదే పడ్డాయి. ఆ వేలు తనది కాదని ఒప్పుకుంటే ఒళ్ళు కూడా తనది కాదని ఒప్పుకోవాలి, అందుకని అభ్యర్థులిద్దరూ దాన్ని వదల్లేదు. సీటాయన సభలో కన్నీళ్ళు పెట్టుకుని, ప్రజల అర్జీలు రాసీ రాసీ తన వేలు అలా వంగిపోయిందన్నాడు. పోటీ ఆయన ఆ సాయంత్రమే మైకు పట్టుకుని, ప్రజల కోసం చేసిన ధర్నాలో లాఠీ తగిలి తన వేలు విరిగిందన్నాడు. కార్యకర్తలు ఎదురుపడితే చిటికెన వేలు వంచి చూపించుకోవడం మొదలుపెట్టారు. రెండు పార్టీలవాళ్ళూ అదే చేయడంతో ఎవరు ఎవరి మనిషో తెలియక, సొంతవాళ్ళనే కొట్టారు.

ఊళ్ళో వేలి పేరు పెరిగినకొద్దీ రూల్సు గారి కట్టు కూడా పెరిగింది. వేలి నుంచి అరచేతికి, అక్కడినుంచి మణికట్టుకి పాకింది. ఆఫీసులో ఎవరైనా పలకరిస్తే “బెణికింది” అనేవారు. ఎంత బెణికినా మనిషికి అంత గుడ్డ అక్కర్లేదని అందరికీ తెలుసు గాని, పని ఒత్తిడిలో ఎవరూ పట్టించుకోలేదు.

ఆఖరికి మేడమ్ అభ్యర్థులిద్దర్నీ విచారణకి పిలిచారు. ఆవిడ గదిలో ఒక పక్క సీటాయన, ఇంకో పక్క పోటీ ఆయన, మధ్యలో కాగితాలు ముందేసుకుని రూల్సు గారు. తలుపు బయట రెండు పక్షాల జనం చెవులు రిక్కించుకుని నిలబడ్డారు. లోపల జరిగేదంతా ఒక్క మాట పొల్లుపోకుండా రాయడం ఆయన పని.

“మీ చేతులు చూపించండి” అన్నారు మేడమ్.

ఇద్దరూ ఠీవిగా చేతులెత్తారు. రూల్సు గారు రాయడం ఆపి చూశారు. ఇద్దరి చిటికెన వేళ్ళూ వంకరగానే ఉన్నాయి! నిన్నటిదాకా తిన్నగా ఉన్నవే. తన వేలు చూసి రెండు వేళ్ళు ఇలా చెడిపోతాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

“ఒకసారి తిన్నగా చాపండి.”

“చాపలేనమ్మా, ప్రజాసేవలో బిగుసుకుపోయింది” అన్నాడు సీటాయన.

“నాది పోరాటంలో బిగుసుకుపోయింది” అన్నాడు పోటీ ఆయన.

మేడమ్ చేతులు ఎత్తే ఉంచమన్నారు. కాసేపటికి సీటాయన వేలు వణకడం మొదలైంది. పోటీ ఆయన నుదుటి మీద చెమట పట్టింది. అయినా ఇద్దరూ పంతానికి పోయి వంచే ఉంచారు. ఆవిడ విసుగ్గా రూల్సు గారు రాస్తున్న కాగితం లాక్కుని చూశారు.

“ఇదేం రాతండీ? ఒక్క అక్షరం తెలియడం లేదు. ఆ కట్టు విప్పి రాయండి.”

“బెణికింది మేడమ్...”

“విప్పండి.”

రూల్సు గారు పెన్ను జేబులో పెట్టుకుని విప్పడం మొదలుపెట్టారు. విప్పినకొద్దీ వస్తూనే ఉంది గుడ్డ. బల్ల మీద కుప్ప పోసి, చివరి చుట్టు కూడా తీసేసరికి, చిటికెన వేలు బయటికి వచ్చి కొక్కెంలా నిలబడింది. సీటాయన ఆ వేలిని చూశాడు, తరవాత భుజాలని చూశాడు, తరవాత జేబులో పెన్నుని చూశాడు. పోటీ ఆయన చూపు కూడా అదే దారిన నడిచింది. ఇన్నాళ్ళుగా ఊరూరా తమ తలల్ని మోసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఇద్దరి మొహాలూ తెల్లబోయాయి.

“ఇదేంటి, మీ వేలు కూడా...” అన్నారు మేడమ్.

రూల్సు గారు లేచి నిలబడ్డారు. ఇంక దాచడం ఆయన వల్ల కాలేదు. వేలు వంకరగా ఉన్నా మాట మాత్రం తిన్నగానే వచ్చింది. “మేడమ్, పోయేది నా ఉద్యోగమే కాబట్టి చెప్పేస్తాను. ఆ బ్యానర్ల మీద ఉన్న వేలు...”

“మేడమ్!” అని ఒక్క గొంతుతో అరిచారు అభ్యర్థులిద్దరూ. కంగారులో ఇద్దరి వేళ్ళూ తిన్నగా అయిపోయాయి. “ఆ గొడవ వదిలేద్దాం మేడమ్!”

“ఒక వేలి కోసం కొట్లాట ఏమిటి, మేం ప్రజాస్వామ్యవాదులం” అన్నాడు సీటాయన.

“అన్నగారు నాకంటే పెద్దవారు, వేలు ఆయన్నే ఉంచుకోమనండి” అన్నాడు పోటీ ఆయన.

“వద్దు తమ్ముడూ, నువ్వే ఉంచుకో.”

ఆ ఇద్దరూ ఫిర్యాదులు వెనక్కి తీసుకుంటున్నామని సంతకాలు పెట్టి, ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకుని, రూల్సు గారి మొహం చూడకుండా బయటపడ్డారు.

మేడమ్ ఆ సంతకాల కాగితాలు ఫైల్లో పెట్టి ఆయన వైపు తిరిగారు. “ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదట. ఏం చేశారండీ మీరు?”

“నేనేం చెయ్యలేదు మేడమ్. చెబుతున్నది వినండి, ఆ వేలు నిజంగా నాదే.”

“తెలుసండీ. మీ వేలు కూడా వంచి చూపించి, వాళ్ళ చేష్ట ఎంత వెర్రిగా ఉందో వాళ్ళకే తెలిసేలా చేశారు. పైగా దానికోసం ఉద్యోగం కూడా పణంగా పెట్టారు. ఇలాంటి మనిషిని ఇక్కడ కాగితాలకి కట్టి పడెయ్యడం మా తప్పు.”

ఆయన మూడుసార్లు నిజం చెప్పబోయారు. మూడుసార్లూ ఆవిడ దాన్ని వినయం అనుకున్నారు.

మర్నాడు ఉత్తర్వులు వచ్చాయి. ఉద్యోగం పోలేదు, పైగా పెరిగింది. ప్రతి ఎన్నికకీ రెండు వర్గాలు రాళ్ళు పోగుచేసుకుని ఎదురుచూసే మారుమూల పోలింగు కేంద్రం ఒకటుంది. పోలింగు రోజున అక్కడ ఇరువర్గాల మధ్యా నిలబడి శాంతి నెలకొల్పే బాధ్యతని పైఅధికారులు ఏకగ్రీవంగా రూల్సు గారికే అప్పగించారు. ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకుంటే, ఇంత మంచి అవకాశానికి అడ్డం పడటానికి రూల్సు ఒప్పుకోవని మేడమ్ నవ్వారు.

ఇంట్లో భార్య ప్రశంసాపత్రాన్ని రెండుసార్లు చదివి, బట్టలు సర్దుతూ, దాంతో పాటు వచ్చిన సంచీలో ఇంకేదో బరువుగా ఉందేమిటని అడిగింది.

ప్రశంసాపత్రంతో పాటు ఆఫీసువాళ్ళు ఒక హెల్మెట్ కూడా పంపించారు.