‘ఏవండీ’ అనే చిరునామా

మొగుడూ పెళ్లాల మధ్య నడిచే మాటల రద్దీని నల్ల తెర మీద ఎప్పటికప్పుడు గమనించి, వాడకంలో లేని తీగలను తెంచే పని మాటల రద్దీ శాఖ చేపట్టింది. పెళ్లినాడు ఇద్దరి చెవుల వెనకా వేసే సన్నని తీగ అది. ఊరికే పడి ఉన్న తీగల వల్ల అవసరమున్న వాళ్లకు లైను దొరకడం లేదని శాఖ వాదన. న్యాయమే.

ఆ సాయంత్రం అలివేణి ఇంటికి శాఖ ఉద్యోగి ఏసుబాబు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, డైనింగ్ టేబుల్ మీద ఆమె వలుస్తున్న చిక్కుడుకాయలు పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచాడు. అందులో బొమ్మలుండవు, నొక్కే మీటలుండవు. ఒక ఆదేశం టైపు చేస్తే చాలు, అప్పుడే పలికిన మాట ఎవరి నుంచి ఎవరికి పోతోందో తెల్లటి వరుసలు పరుగెడతాయి.

“మీ ఇద్దరి లైనులో ఏమీ లేదమ్మా. తెంచెయ్యమన్నారు.”

అలివేణి చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది. “ఏమీ లేకపోవడమేంటి బాబూ? పొద్దున్న లేచింది మొదలు వాగుతూనే ఉంటాను. ఆయనా ఊఁ కొడుతూనే ఉంటారు. కావాలంటే చూడు.” హాలు వైపు తిరిగి, “ఏవండీ, రేపు పాలు వద్దని చెప్పారా?” అంది.

హాల్లో ఆమె భర్త విశ్వేశ్వరం ఫోను చూసుకుంటున్నాడు. “ఊఁ” అని వినిపించింది.

“విన్నావా?”

ఏసుబాబు తెర ఆమె వైపు తిప్పాడు. “మీ మాట వెళ్లిన చిరునామా ‘ఏవండీ’ అమ్మా. ఆ పేరుతో ఎవరూ నమోదు కాలేదు. అలాంటి మాట అపార్ట్‌మెంట్‌లో మగాళ్లందరికీ పోతుంది. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఊఁ అంటారు. ఇదిగో, ఇప్పుడొచ్చింది పై అంతస్తు బ్యాంకు మేనేజరుగారిది.”

“మరి మావారు అననే అనరా?”

“ఎందుకనరమ్మా! ఎదురింటి నాగరత్నంగారు వాళ్లాయన్ని కూరగాయలు తెమ్మన్నప్పుడల్లా అంటారు.”

అలివేణికి ఒక మాట గుర్తొచ్చింది. నిరుడు గర్భసంచి ఆపరేషన్‌కు ముందు “ఏవండీ, భయమేస్తోంది” అంటే, “ఏం కాదులే, నేనున్నాను” అని జవాబొచ్చింది. అదెవరిదో చూసి చెప్పమంది.

“ఇది ఇప్పటివే చూపిస్తుందమ్మా. పాతవి నిలవ ఉండవు” అన్నాడు ఏసుబాబు. జాలిపడి అన్నాడో, నిబంధనే అంతో తెలియదు.

లైను నిలవాలంటే మార్గం ఒకటే. ఆమె భర్తను పేరు పెట్టి పిలవాలి, ఆయన నుంచి ఆమెకు జవాబు రావాలి. పేరు పెట్టి పిలిస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు చెప్పి పోయారు. ఆయుష్షు తమ శాఖ పరిధిలోకి రాదని ఏసుబాబు వివరించాడు. అలివేణి కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

“విశ్వేశ్వరం!”

తెర మీద ఒక వరుస తిన్నగా హాల్లోకి వెళ్లింది. విశ్వేశ్వరం తలెత్తాడు. అటూ ఇటూ చూసి, ఏసుబాబుతో మర్యాదగా అన్నాడు:

“ఎవరో పిలుస్తున్నారు. మిమ్మల్నేనేమో చూడండి.”

ఆ మాట ఏసుబాబు పేరున చేరింది. అతను నిట్టూర్చి, సంచిలోంచి చిన్న కత్తెర తీశాడు.

అతను వెళ్లగానే నాగరత్నం గుమ్మంలోకి వచ్చింది. “నొప్పి పుట్టిందా వదినా?”

“లేదు. కాస్త చల్లగా ఉందంతే.”

నాగరత్నం తన చెవి వెనక తడుముకుంటూ వెళ్లిపోయింది.

తీగ తెగాక టిఫిను డబ్బా వేళకు వెళ్లింది, చొక్కాలు ఇస్త్రీ అయ్యాయి. ఈమధ్య ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందోనని విశ్వేశ్వరం ఆఫీసులో చెప్పుకున్నాడు. ఆ కబురు శాఖకు చేరింది. ఏ ఫిర్యాదూ లేని సంసారం కనుక, ఆ ఏటి అన్యోన్య దంపతులుగా వాళ్లనే ఎంచుకున్నారు.

సన్మానంలో ఫొటోగ్రాఫరు కాస్త దగ్గరికి జరగమని ఆమెకొకసారి, ఆయనకొకసారి విడివిడిగా చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ జరిగారు. ఫొటో చక్కగా వచ్చింది. శాఖ కార్యాలయంలో దాని కింద నిలబడి కొత్త జంటలు తామూ ఒకటి తీయించుకుంటున్నారు.