మూడో పిలుపు

శనివారం పొద్దున చరణ్‌తేజ్ కావాలనే టిఫిన్ మానేశాడు. దుబాయ్ అల్ ఖూజ్‌లో కంపెనీ క్యాంపుకి వెళ్లి, అక్కడుండే ఉగాండా సెక్యూరిటీ గార్డులతో కలిసి భోంచేసి, వాళ్లతో బజారు తిరిగి రావాలి. వచ్చే నెల కంపాలాలో కంపెనీ చేయబోయే సమాజసేవకు ఇది రిహార్సల్. బాగా కలిసిపోయిన ఒక్కరికే టికెట్టు; వెళ్లొచ్చినవారికి టీమ్ లీడర్ కుర్చీ. అందరూ ముదీర్ అని పిలిచే సీమ మేనేజరు అబ్దుల్ రహీం ఆ మాట ప్రకటించేదాకా, రోజూ ఆఫీసు గేటు తీసే ఆ గార్డులు ఏం తింటారో ఎవరికీ పట్టలేదు.

ఇంట్లో మొదటి డిగ్రీ చరణ్‌తేజ్‌దే. అంతకంటే ముందు వాళ్లమ్మ నేర్పిన చదువొకటుంది. ఎవరింట్లోనైనా పిలవగానే పళ్లెం ముందు కూర్చోకూడదు. రెండుసార్లు వద్దనాలి. మూడోసారి చెయ్యి పట్టి లాగితే కూర్చోవాలి.

ఉడికించిన అరటికాయల ముద్ద, పల్లీల పులుసు పెట్టిన పళ్లెం చాచి గార్డు ఒకెల్లో హిందీలో అడిగాడు. "తింటావా భాయ్?"

"వద్దు భాయ్, ఇప్పుడే తిన్న."

ఒకెల్లో సరేనని ఆ పళ్లెం తన ముందే పెట్టుకున్నాడు. అతనికి తెలిసిన మర్యాదలో వద్దంటే వద్దనే. చరణ్‌తేజ్ రెండో పిలుపు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆఫీసు నుంచే వచ్చిన అలేఖ్య పిలవకముందే కూర్చుని, మారు పెట్టించుకుని, ఫొటో దిగి ముదీర్‌కి పంపేసింది కూడా.

బజారులో చేపలు వేపే కొట్టు ముందు చరణ్‌తేజ్ కాళ్లు వాటంతటవే ఆగాయి. కొనిస్తానన్నాడు ఒకెల్లో. కొత్త వంటకం కాబట్టి లెక్క ప్రకారం ఇది మళ్లీ మొదటి పిలుపే. వద్దన్నాడు. మొక్కజొన్న పొత్తుల దగ్గరా అంతే జరిగింది.

"కడుపు నిండినోడివి, ఆ చేపల వంక అలా చూస్తావేంటి?" అంది అలేఖ్య.

మిట్టమధ్యాహ్నం ఎండకి, అరటిగెలల పక్కన, చరణ్‌తేజ్ కళ్లు తిరిగి కూలబడ్డాడు. ఒకెల్లోకి సంగతి అర్థమైపోయింది. జీతమంతా ఇంటికి పంపేసి, అడిగితే తిన్నామనే మనుషులను అతను క్యాంపులో చాలామందిని చూశాడు. పాపం, ఆఫీసు వాళ్లకీ ఇదే గతి అన్నమాట.

వాళ్లు క్యాంపు చేరేలోపే ఫోన్లలో కబురు పాకింది. గదికొకటి చొప్పున పదహారు డబ్బాలు బల్ల మీదికొచ్చాయి. ఈసారి ఒకెల్లో అడగలేదు. చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు. చరణ్‌తేజ్ తలెత్తకుండా తిన్నాడు. ఐదో డబ్బా మూత తీస్తుండగా ముదీర్ ఫొటోగ్రాఫర్‌తో దిగాడు.

"ఏందబ్బా ఇది? ఎవరు ఎవరికి సేవ చేస్తా ఉండారు?"

ఒకెల్లో గొంతు తగ్గించాడు. "మీ ఆఫీసులో పస్తులుంటున్నారు సార్. రోజుకో డబ్బా మేం పంపుతాం."

మూడోసారి పిలుస్తారనుకున్నానని చరణ్‌తేజ్ చెప్పబోయాడు గానీ, నోటి నిండా ముద్ద ఉంది.

సోమవారం నోటీసు బోర్డు మీద, కంపాలా టికెట్టుకి ఒకెల్లో పేరు వచ్చింది. అతని ఇల్లు అక్కడే. సెలవు దొరక్క నాలుగేళ్లుగా చూడలేదు. టీమ్ లీడర్ కుర్చీ మాట మాత్రం నోటీసులో ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నమే గేటు నుంచి డబ్బా వచ్చింది. చరణ్‌తేజ్ ఒక్కసారి కూడా వద్దనలేదు.